రెడిస్‌లో రైట్ బిహైండ్: డేటాబేస్‌కి ఇంకా చేరని కీని ఎవిక్షన్ తీసేస్తే ఏమవుతుంది?

బ్యాకెండ్_బెజవాడ:

నమస్కారం అండి. ఒక డిజైన్ విషయంలో స్పష్టత కావాలి.

సభ్యుల రివార్డ్ పాయింట్లు రెడిస్ 7లో (మెమరీలో ఉండే మా కాష్) హ్యాష్‌లుగా, అంటే ఫీల్డ్-విలువ జతలుగా ఉంటాయి, ఒక్కో సభ్యుడికి ఒక కీ. అసలు నిల్వ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పాయింట్లు మారినప్పుడు అప్లికేషన్ హెచ్‌ఇన్‌కర్‌బైతో (ఫీల్డ్‌కి అంకె కలిపే కమాండ్) హ్యాష్‌ని మార్చి, ఆ సభ్యుడి ఐడీని "డర్టీ" (డేటాబేస్‌కి ఇంకా చేరనివి) అనే సెట్‌లో వేసి వెంటనే జవాబిచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ జోలికి పోదు, ఆ రాత తర్వాత జరుగుతుంది (ఇదే రైట్ బిహైండ్). 5 సెకన్లకోసారి వర్కర్ లేచి, ఎస్‌పాప్‌తో సెట్‌లోంచి 500 ఐడీల చొప్పున తీసేసుకుని, ఒక్కోదానికి హెచ్‌గెట్‌ఆల్‌తో హ్యాష్ మొత్తం చదివి, బ్యాచ్‌గా పోస్ట్‌గ్రెస్‌లో రాస్తుంది. సెట్ ఖాళీ అయ్యేదాకా అదే పని.

కాష్‌లో కీ దొరక్కపోతే పోస్ట్‌గ్రెస్ నుంచి తెచ్చి 24 గంటల టీటీఎల్‌తో (గడువు) పెడతాం. మాక్స్‌మెమరీ 4 జీబీ, పాలసీ ఆల్‌కీస్ ఎల్‌ఆర్‌యూ (మెమరీ నిండితే అన్ని కీలలో చాలాసేపుగా తాకనిదాన్ని తీసేస్తుంది, అదే ఎవిక్షన్). రద్దీ వేళ సెకనుకి 3,000 దాకా మార్పులు రావచ్చు.

అడగదలచుకున్నవి మూడు. వర్కర్ వచ్చేలోపు ఆ హ్యాష్‌నే ఎవిక్ట్ చేస్తే మార్పు పోయినట్టేనా? పాలసీని వోలటైల్ ఎల్‌ఆర్‌యూకి (టీటీఎల్ ఉన్న కీలనే తీసేది) మారిస్తే చాలా? కీ ఎవిక్ట్ అయినప్పుడు రెడిస్ నోటిఫికేషన్ ఇస్తుంది కదా, అది అందగానే పోస్ట్‌గ్రెస్‌లో రాసేయొచ్చా?

---

పేజీక్లీనర్:

మూడో ప్రశ్నకి ముందు చెప్పేస్తాను: కుదరదండి. ఆ నోటిఫికేషన్ వచ్చేసరికి కీ పోయి ఉంటుంది. అందులో కీ పేరు తప్ప విలువ ఉండదు. పైగా అది పబ్‌సబ్ మీద వస్తుంది, ఆ క్షణాన వినేవాడు కనెక్ట్ అయి లేకపోతే ఎక్కడా నిల్వ ఉండదు. అలారం మోగించడానికి పనికొస్తుంది, డేటా కాపాడటానికి కాదు.

ఇక మొదటి ప్రశ్న. "మార్పు పోతుంది" అని ఒక్క ముక్కలో అనేస్తే అసలు ప్రమాదం కనపడదు. అంకెలతో చూద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో 500 ఉంది. సభ్యుడికి 200 కలిశాయి, రెడిస్‌లో 700 అయింది, ఐడీ డర్టీ సెట్‌లో పడింది. వర్కర్ రాకముందే కీ ఎవిక్ట్ అయింది. ఇక్కడి నుంచి మూడు దారులు.

ఒకటి: ఎవరూ ఆ కీని తాకలేదు. వర్కర్‌కి హెచ్‌గెట్‌ఆల్ ఖాళీగా వస్తుంది. 200 పోయాయి, కానీ కనీసం వర్కర్‌కి తెలుస్తుంది. "డర్టీ అన్నారు, కీ లేదు" అని లాగ్ రాసి అరవొచ్చు. మూడింటిలో ఇదే నయం.

రెండు: ఈలోపు ఆ సభ్యుడు యాప్ తెరిచాడు. మిస్. పోస్ట్‌గ్రెస్ నుంచి 500 వచ్చి కాష్‌లో కూర్చుంది. ఇప్పుడు వర్కర్ వచ్చి చూస్తే కీ ఉంది, విలువ 500. దాన్నే నిక్షేపంగా పోస్ట్‌గ్రెస్‌లో రాసి, పని అయిందనుకుంటుంది. ఎక్కడా ఎర్రర్ లేదు, కాష్‌కీ డేటాబేస్‌కీ తేడా లేదు. రెండింటినీ పోల్చే ఆడిట్ స్క్రిప్ట్ రాసినా పట్టుకోలేదు.

మూడు: చదవడానికి ముందే ఇంకో 50 పాయింట్ల మార్పు వచ్చింది. లేని కీ మీద హెచ్‌ఇన్‌కర్‌బై నడిస్తే రెడిస్ సున్నా నుంచి మొదలుపెట్టి కొత్త హ్యాష్ సృష్టిస్తుంది. బ్యాలెన్స్ 50. వర్కర్ దాన్ని తీసుకెళ్లి 500 ఉన్న చోట 50 రాస్తుంది. ఇక్కడ చివరి మార్పే కాదు, పాత నిల్వ కూడా తుడిచిపెట్టుకుపోయింది.

ఎల్‌ఆర్‌యూ ఇటీవల తాకినదాన్ని వదిలేస్తుంది కదా, 5 సెకన్లలో ఎవిక్ట్ ఎలా అవుతుంది అనిపించవచ్చు. మామూలు రోజున అవ్వదు, నిజమే. కానీ 5 సెకన్లనేది వర్కర్ ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్క. పోస్ట్‌గ్రెస్‌లో ఏదో లాక్ పడి ఫ్లష్ (డేటాబేస్‌లోకి రాసే పని) నాలుగు నిమిషాలు ఆగిందనుకోండి, అదే సమయంలో ఏదో రిపోర్ట్ జాబ్ లక్షల సభ్యులను వరసగా చదివి కాష్‌లోకి లాగిందనుకోండి. ఒకసారి రాసి వదిలేసిన కీలన్నీ అప్పటికి పాతబడి ఉంటాయి. పైగా రెడిస్‌ది కచ్చితమైన ఎల్‌ఆర్‌యూ కాదు, డిఫాల్ట్‌గా 5 కీలను శాంపిల్ తీసుకుని అందులోంచి ఎంచుకుంటుంది. ఎల్‌ఎఫ్‌యూకి (తక్కువసార్లు వాడినదాన్ని తీసే పాలసీ) మారితే ఇంకో చిక్కు: అప్పుడే పుట్టిన కీ వాడకం కౌంటర్ 5 దగ్గరే మొదలవుతుంది కాబట్టి, చాలాకాలంగా వేడిగా ఉన్న కీల కన్నా ఇప్పుడే రాసిన కీయే ముందు బలయ్యే అవకాశం ఉంది.

అన్నట్టు, మీ డర్టీ సెట్ కూడా ఒక కీయే. ఆల్‌కీస్ పాలసీకి దానికీ మిగతావాటికీ తేడా లేదు. అది ఎవిక్ట్ అయితే గుర్తులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

---

క్యూలైన్_హైదరాబాద్:

పేజీక్లీనర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మెమరీ ఒత్తిడి అస్సలు లేకపోయినా మీ సెటప్‌లో డేటా పోతుంది. సెట్ కమాండ్ పాత టీటీఎల్‌ని చెరిపేస్తుంది కానీ హెచ్‌సెట్, హెచ్‌ఇన్‌కర్‌బై చెరపవు. అంటే మీ 24 గంటలు లోడ్ అయిన క్షణం నుంచి లెక్క. నిన్న ఉదయం 10:00:00కి లోడ్ అయిన కీకి ఈరోజు 9:59:58కి పాయింట్లు కలిస్తే, రెండు సెకన్లలో కీ గడువు తీరి పోతుంది, వర్కర్ ఇంకా రాలేదు. ఎక్స్‌పైరీ కూడా ఎవిక్షన్ చేసే పనే చేస్తుంది, దాన్ని వేరుగా చూడకూడదు.

రెండో ప్రశ్నకి: వోలటైల్ ఎల్‌ఆర్‌యూ సరైన దారే, కానీ పాలసీ ఒక్కటి మారిస్తే ఏమీ మారదు. మీ కీలన్నిటికీ టీటీఎల్ ఉంది కాబట్టి అన్నీ ఎవిక్షన్‌కి అర్హమే. రెడిస్‌కి మీ పోస్ట్‌గ్రెస్ సంగతి తెలియదు, ఏ కీ డర్టీయో ఏది క్లీనో అస్సలు తెలియదు. దానికి ఆ మాట చెప్పగలిగే భాష ఒక్కటే, టీటీఎల్ ఉండటం, లేకపోవడం. డర్టీ అయిన క్షణాన టీటీఎల్ తీసేయాలి, పోస్ట్‌గ్రెస్‌లో కమిట్ అయ్యాకే తిరిగి పెట్టాలి.

ఆచరణలో ఇలా. హ్యాష్‌లో బ్యాలెన్స్ పక్కన వెర్షన్ అనే ఫీల్డ్ ఉండాలి. రాసేటప్పుడు ఒకే లువా స్క్రిప్ట్‌లో (రెడిస్ లోపలే ఒకే పనిగా నడిచే చిన్న ప్రోగ్రామ్): కీ ఉందో లేదో చూడు, లేకపోతే ఏమీ రాయకుండా "లేదు" అని తిరిగొచ్చెయ్ (మూడో దారి ఇక్కడే మూసుకుపోతుంది). ఉంటే బ్యాలెన్స్ మార్చు, వెర్షన్ ఒకటి పెంచు, పర్సిస్ట్‌తో టీటీఎల్ తీసెయ్, డర్టీలో ఐడీ చేర్చు. డర్టీని మామూలు సెట్‌గా కాకుండా సార్టెడ్ సెట్‌గా (స్కోరు వరసలో ఉండేది) పెట్టండి, స్కోరు ఇప్పటి సమయం, చేర్చే కమాండ్ జెడ్‌యాడ్‌కి ఎన్‌ఎక్స్ (లేకపోతేనే చేర్చు) ఇవ్వండి. అప్పుడు ఒక కీ మొదట ఎప్పుడు డర్టీ అయిందో నిలిచి ఉంటుంది. స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపు ఎవిక్షన్ మధ్యలో దూరదు కాబట్టి సగం పని జరిగే భయం లేదు.

"లేదు" అని వస్తే అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ నుంచి బ్యాలెన్స్, వెర్షన్ రెండూ తెచ్చి, కీ ఇంకా లేకపోతేనే పెట్టి, మళ్లీ ప్రయత్నించాలి. వెర్షన్ కూడా టేబుల్‌లో ఒక కాలమ్‌గా ఉండి తీరాలి. చాలామంది ఇక్కడ లోడ్ చేసిన ప్రతిసారీ 1 నుంచి మొదలుపెడతారు. టేబుల్‌లో 812 ఉంటే ఆ తర్వాత రాసినవన్నీ పాతవిగా కనిపించి తిరస్కరణకి గురవుతాయి.

వర్కర్ వైపు ఎస్‌పాప్ మానేయండి. పాప్ చేశాక, కమిట్‌కి ముందు ప్రాసెస్ చచ్చిపోతే ఆ 500 ఐడీల గుర్తే ఉండదు. సార్టెడ్ సెట్ నుంచి చదవండి, తీయకండి. హెచ్‌ఎమ్‌గెట్‌తో బ్యాలెన్స్, వెర్షన్ ఒకేసారి తీసుకుని, "టేబుల్‌లోని వెర్షన్ దీనికన్నా చిన్నదైతేనే" అన్న షరతుతో అప్‌డేట్ చేయండి. కమిట్ అయ్యాక రెండో లువా స్క్రిప్ట్ (ముగింపు స్క్రిప్ట్): హ్యాష్‌లోని వెర్షన్ మనం ఇప్పుడు రాసిందే అయితే డర్టీ నుంచి జెడ్‌రెమ్‌తో ఐడీ తీసెయ్, హ్యాష్‌కి ఎక్స్‌పైర్‌తో 86,400 సెకన్ల (24 గంటల) టీటీఎల్ పెట్టు. వెర్షన్ ముందుకెళ్లిపోయి ఉంటే మధ్యలో కొత్త మార్పు వచ్చినట్టు. డర్టీలోనే వదిలెయ్, టీటీఎల్ పెట్టకు. ఈ పోలిక లేకుండా నేరుగా ఎక్స్‌పైర్ పెట్టేస్తే కొత్త మార్పు మోస్తున్న కీ మళ్లీ ఎవిక్షన్ బరిలోకి వచ్చేస్తుంది.

అప్‌డేట్‌లో సున్నా వరసలు మారాయని వస్తే విజయం కింద లెక్కేయొద్దు. వరస చదివి చూడండి. అదే వెర్షన్, అదే బ్యాలెన్స్ ఉంటే కిందటిసారి కమిట్ అయ్యాక వర్కర్ పడిపోయిందన్నమాట, రెండో స్క్రిప్ట్ నడిపేయండి. వేరే విలువ ఉంటే ఎవరో పక్క దారిలో టేబుల్‌ని మార్చారు, అది మనిషి చూడాల్సిన కేసు. అడ్మిన్ స్క్రీన్ నుంచి నేరుగా బ్యాలెన్స్ సరిచేసే అలవాటు ఉంటే ఆ క్వెరీ కూడా వెర్షన్ పెంచాలి.

రెడిస్ క్లస్టర్ (డేటా స్లాట్‌లుగా పలు సర్వర్లలో పంచి ఉండేది) అయితే హ్యాష్, డర్టీ సెట్ ఒకే స్లాట్‌లో ఉంటేనే స్క్రిప్ట్ నడుస్తుంది. కాబట్టి డర్టీ సెట్ ఒక్కటి కాకుండా, కీ పేర్లలో బ్రేస్‌లతో హ్యాష్ ట్యాగ్ (స్లాట్‌ని నిర్ణయించే భాగం) పెట్టి 64కో 128కో విడగొట్టుకోండి.

---

బ్యాకెండ్_బెజవాడ:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు అండి. రెండు సందేహాలు. పోస్ట్‌గ్రెస్ పది నిమిషాలు ఆగిపోతే టీటీఎల్ లేని కీలు పేరుకుపోయి మెమరీ నిండదా? ఇంకోటి, కొందరు సభ్యుల కీలు నిమిషం ఖాళీ లేకుండా మారుతూనే ఉంటాయి. వాటికి వెర్షన్ ఎప్పుడూ ముందుకెళ్లిపోతుంది, డర్టీలోంచి ఎప్పటికీ బయటికి రావు కదా?

---

పేజీక్లీనర్:

నిండుతుంది. వోలటైల్ పాలసీలో ఎవిక్ట్ చేయడానికి టీటీఎల్ ఉన్న కీ ఒక్కటీ మిగలకపోతే అది అచ్చం నోఎవిక్షన్ (ఏ కీనీ తీయని పాలసీ) లాగే ప్రవర్తిస్తుంది, రాసే కమాండ్లకి మెమరీ చాలదని ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ రావడం నా దృష్టిలో మంచిదే, 500 చోట 50 రాయడం కన్నా లక్ష రెట్లు మేలు. చెడ్డది దానికి ముందు జరిగేది. డర్టీ పెరిగే కొద్దీ క్లీన్ కీలు బయటికి పోతాయి, మిస్‌లు పెరుగుతాయి. ప్రతి మిస్ పోస్ట్‌గ్రెస్ మీద ఒక రీడ్. అసలే కుంటుతున్న డేటాబేస్ మీద రీడ్‌లు పడి ఫ్లష్ ఇంకా నెమ్మదిస్తుంది, డర్టీ ఇంకా పెరుగుతుంది. ఈ వలయం ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. అందుకే డర్టీకి ముందే ఒక హద్దు గీయాలి.

మీ అంకెలతో లెక్కేద్దాం. సెకనుకి 3,000 మార్పులు, అన్నీ వేర్వేరు సభ్యులవే అనుకోండి (అధమ పక్షం). 600 సెకన్లకి 18 లక్షల కీలు. కీకి ఓవర్‌హెడ్‌తో కలిపి 1 కేబీ వేసుకుంటే 1.8 జీబీ. మీ హ్యాష్ చిన్నది కాబట్టి నిజానికి అంత ఉండదు, మెమరీ యూసేజ్ కమాండ్‌తో నాలుగైదు కీలు కొలిచి చూసుకోండి. సార్టెడ్ సెట్‌కి ఇంకో రెండు వందల ఎమ్‌బీ పక్కన పెట్టండి. అంటే 4 జీబీలో సగం డర్టీకి వదిలితే పది నిమిషాలు తట్టుకుంటుంది. పది నిమిషాలు దాటినా తట్టుకోవాలంటే మెమరీ పెంచాలి, వేరే మంత్రం లేదు.

హద్దులు రెండు పెట్టండి. మామూలుగా డర్టీలో 15,000 అటూ ఇటూ ఉండాలి (3,000 × 5). 60,000 దాటితే అలారం, వర్కర్లు పెంచడం. 15 లక్షలు దాటితే రైట్ బిహైండ్ ఆపి, మార్పు తెచ్చిన రిక్వెస్టే తన కీని ఫ్లష్ చేసి వెళ్లాలి. అది కూడా అదే దారిలో, ముందు రెడిస్ స్క్రిప్ట్, వెంటనే వెర్షన్ షరతుతో పోస్ట్‌గ్రెస్, ఆపైన ముగింపు స్క్రిప్ట్. తొందరలో రెడిస్‌ని దాటేసి నేరుగా టేబుల్‌లో రాస్తే డర్టీలో ఉన్న పాత మార్పుతో ఢీకొంటుంది. పోస్ట్‌గ్రెస్ అసలే లేకపోతే ఆ రిక్వెస్ట్‌కి ఎర్రర్ వెళుతుంది, వెళ్లనివ్వండి. సభ్యుడికి "ఇప్పుడు కుదరలేదు" అని చెప్పడం నిజాయితీ, "కలిశాయి" అని చెప్పి పోగొట్టడం కాదు.

డేటాబేస్‌లూ ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. లినక్స్‌లో డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో డిఫాల్ట్‌గా 10 శాతం, అది దాటితే వెనకాల రాయడం మొదలవుతుంది. డర్టీ రేషియో 20 శాతం, అది దాటితే రాస్తున్న ప్రాసెస్‌నే ఆపి పని చేయిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్ ఖాళీ కావాలంటే, దొరికిన పేజీ డర్టీ అయితే ముందు దాన్ని రాయాల్సిందే, దానికన్నా ముందు దాని డబ్ల్యూఏఎల్ (మార్పుల లాగ్) డిస్క్‌కి చేరాల్సిందే. బీజీరైటర్ (వెనకాల పేజీలు రాసే ప్రాసెస్) వెనకబడితే క్వెరీ నడుపుతున్న బ్యాకెండే ఆ రాత పని చేస్తుంది, క్వెరీ నెమ్మదిస్తుంది కానీ పేజీ పోదు. రెడిస్‌లో ఆ బాధ్యత మన మీద పడింది, అంతే తేడా.

---

క్యూలైన్_హైదరాబాద్:

ఎప్పుడూ మారే కీల సంగతి: డర్టీలోంచి బయటికి రాకపోవడం తప్పు కాదు, అవి నిజంగానే డర్టీ. చిక్కు ఇంకోచోట ఉంది. వర్కర్ ప్రతిసారీ తక్కువ స్కోరు ఉన్న 500 తీసుకుంటుంది. అలాంటి వేడి కీలు 500 కన్నా ఎక్కువ ఉంటే ప్రతి బ్యాచ్‌లోనూ అవే వస్తాయి, వెనక ఉన్నవాటికి వంతు రాదు. కాబట్టి ముగింపు స్క్రిప్ట్ "వెర్షన్ కుదరలేదు" అంటే, ఫ్లష్ కోసం హ్యాష్‌ని చదివిన సమయాన్ని స్కోరుగా పెట్టి వరస చివరికి పంపండి. జెడ్‌యాడ్ ఎక్స్‌ఎక్స్‌తో (ఐడీ ఉంటేనే మార్చు) చేయాలి, లేకపోతే మధ్యలో ఇంకో వర్కర్ తీసేసిన ఐడీని మళ్లీ పుట్టిస్తారు.

ఆ జెడ్‌యాడ్‌ని ముగింపు స్క్రిప్ట్‌లో కలపకుండా విడిగా పంపండి. కారణం ఉంది. మెమరీ నిండినప్పుడు రెడిస్ జెడ్‌యాడ్, హెచ్‌సెట్, హెచ్‌ఇన్‌కర్‌బై లాంటివాటిని తిరస్కరిస్తుంది కానీ జెడ్‌రెమ్, ఎక్స్‌పైర్‌లను ఆపదు. ముగింపు స్క్రిప్ట్‌లో ఈ రెండే ఉంటే మెమరీ పూర్తిగా నిండిన స్థితిలోనూ ఫ్లష్ పూర్తయి, కీలకి టీటీఎల్ పడి, ఎవిక్షన్‌కి మేత దొరికి, వ్యవస్థ తనంతట తాను కోలుకుంటుంది. విడిగా పంపిన జెడ్‌యాడ్ ఆ సమయంలో విఫలమైనా నష్టం లేదు, స్కోరు పాతదే ఉంటుంది అంతే.

గమనించాల్సిన అంకెలు రెండే: జెడ్‌కార్డ్ (డర్టీలో ఎన్ని ఐడీలు ఉన్నాయో), ఇంకా సార్టెడ్ సెట్‌లో మొదటి ఐడీ స్కోరు ఎంత పాతదో. రెండోదే ముఖ్యం. సంఖ్య 15,000 దగ్గరే కదలకుండా ఉండి, పాతది 40 నిమిషాల నాటిదైతే ఏదో ఒక వరస టేబుల్ కన్‌స్ట్రెయింట్‌కి తగిలి బ్యాచ్‌ని పదేపదే పడగొడుతోందని అర్థం. అలాంటప్పుడు ఆ బ్యాచ్‌ని ఒక్కో వరసగా రాసి, పడేదాన్ని పక్కన పెట్టాలి. ఇన్ఫో కమాండ్ చూపే ఎవిక్టెడ్ కీస్ (తీసేసిన కీల సంఖ్య) పెరగడం ఇకపై ఆందోళన కాదు, అవి క్లీన్ కీలే.

ఇంకో జాగ్రత్త. "ఏదో తేడాగా ఉంది, కాష్ క్లియర్ చెయ్" అనే అలవాటు టీమ్‌లో ఉంటుంది. డిప్లాయ్ స్క్రిప్ట్‌లో ఫ్లష్‌ఆల్ (రెడిస్‌లో అన్నీ చెరిపేసే కమాండ్) ఉంటే తీసేయండి. రైట్ బిహైండ్ పెట్టిన రోజు నుంచి అది కాష్ కాదు, డేటా.

---

గ్రిడ్_జావా:

జావా వైపు ఉన్నవాళ్లకి ఒక మాట. అపాచీ ఇగ్నైట్ (జావా డేటా గ్రిడ్) రైట్ బిహైండ్‌లో రాయాల్సిన మార్పులు కాష్‌లో కాకుండా స్టోర్ దగ్గర వేరే బఫర్‌లో ఉంటాయి. కాష్‌లోంచి ఎంట్రీ పోయినా, మిస్ వచ్చినప్పుడు డేటాబేస్ కన్నా ముందు ఆ బఫర్‌ని చూస్తుంది. రెండో దారి అక్కడే మూసుకుపోతుంది. ఫ్లష్ సైజ్ డిఫాల్ట్ 10,240, ఫ్లష్ ఫ్రీక్వెన్సీ 5,000 మిల్లీసెకన్లు, బ్యాచ్ 512. బఫర్ ఆ సైజుకి ఒకటిన్నర రెట్లు దాటితే రాసే థ్రెడ్డే ఫ్లష్ చేయాల్సి వస్తుంది. అలాంటిదే అయిన హేజెల్‌కాస్ట్‌లో రైట్ కోఅలెసింగ్ (ఒకే కీ మార్పుల్లో చివరిదే రాయడం) ఆపితే ఒక మెంబర్‌కి క్యూ సామర్థ్యం డిఫాల్ట్ 50,000, నిండితే ఎక్సెప్షన్. కోఅలెసింగ్ ఆన్‌లో ఉంటే ఆ పరిమితి వర్తించదు, అది చాలామంది చూసుకోరు. రెండింటిలోనూ ఆ బఫర్ మెమరీలోదే కాబట్టి నోడ్‌లు పడిపోవడం వేరే లెక్క.

రెడిస్‌లోనూ అదే పద్ధతి కావాలంటే మార్పునే ఒక స్ట్రీమ్‌లో (వరసగా చేరే లాగ్) వేసి, హ్యాష్‌ని వట్టి నకలుగా చూడొచ్చు. కానీ అప్పుడు మిస్ వచ్చిన ప్రతిసారీ ఆ సభ్యుడికి స్ట్రీమ్‌లో ఇంకా రాయనివేమైనా ఉన్నాయా అని వెతకాలి, దానికో సూచిక కావాలి. మీ కేసుకి క్యూలైన్ గారి పద్ధతే తేలిక. ఒకే రెడిస్‌లో సెషన్లు, పేజీ కాష్‌లు కూడా ఉంటే మాత్రం పాయింట్లని వేరే ఇన్‌స్టాన్స్‌కి మార్చండి. మాక్స్‌మెమరీ, పాలసీ ఇన్‌స్టాన్స్ మొత్తానికి ఒకటే, 0 నుంచి 15 వరకు డేటాబేస్ నంబర్లు మార్చినా విడిపోవు.

---

బ్యాకెండ్_బెజవాడ:

ఇన్‌స్టాన్స్ విడగొట్టి ఈ పద్ధతే పెడతాం. ప్రొడక్షన్‌కి ముందు దీన్ని నమ్మకంగా పరీక్షించడం ఎలా?

---

పేజీక్లీనర్:

టెస్ట్ రెడిస్‌లో కాన్ఫిగ్ సెట్‌తో మాక్స్‌మెమరీ 100 ఎమ్‌బీకి దించండి. పోస్ట్‌గ్రెస్‌లో 5 లక్షల సభ్యులు, అందరికీ బ్యాలెన్స్ 500. వర్కర్ ఆపి, 20,000 మందికి తలా 200 కలపండి. తర్వాత మిగతా అందరినీ వరసగా చదివించండి, ఎవిక్టెడ్ కీస్ పెరుగుతోందో లేదో చూడండి. పెరగకపోతే పరీక్ష జరగనట్టే, మెమరీ ఇంకా తగ్గించండి. మళ్లీ ఆ 20,000 మందిని ఒకసారి చదివించి (రెండో దారిని కావాలని రప్పించడానికి), వర్కర్‌ని మొదలుపెట్టి, అది నడుస్తుండగానే అందులో సగం మందికి 50 కలిపి, మధ్యలో రెండుసార్లు వర్కర్‌ని కిల్ మైనస్ 9తో చంపి మళ్లీ లేపండి. డర్టీ ఖాళీ అయ్యాక పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం కూడితే 25,45,00,000 రావాలి: 25 కోట్ల అసలు, 40 లక్షలు, 5 లక్షలు. ఒక్క పాయింట్ తక్కువ వచ్చినా ఏ సభ్యుడిదో వెతకండి. 500 ఉంటే ఎవిక్షన్, 550 ఉంటే ఎవిక్షన్ తర్వాత పాత విలువ మీద రాత, 750 ఉండాల్సిన చోట 700 ఉంటే ముగింపు స్క్రిప్ట్‌లో వెర్షన్ పోలిక తప్పింది.

ఇదే పరీక్ష మీ ఇప్పటి సెటప్ మీద కూడా ఒకసారి నడపండి. తేడా రాకపోతే పరీక్షే బలహీనంగా ఉందన్నమాట.

ఏఓఎఫ్ (మార్పులను డిస్క్‌లో రాసే రెడిస్ లాగ్) ఆన్ చేసి అపెండ్ ఎఫ్‌సింక్ ఎవ్రీసెక్ (సెకనుకోసారి డిస్క్‌కి చేర్చడం) పెట్టుకోండి. మెషీన్ పడిపోతే ఒక సెకను వరకు మార్పులు పోయే అవకాశం అప్పటికీ ఉంటుంది, రెప్లికాకి (నకలు సర్వర్) ఫెయిలోవర్ అయినా అంతే, ఎందుకంటే రెప్లికేషన్ అసింక్రనస్. ఆ పాయింట్లతో సభ్యులు నిజంగా డబ్బు చెల్లించగలిగితే, ఖర్చు పెట్టే లావాదేవీని రైట్ బిహైండ్‌లో పెట్టకండి. కలిపేవి ఆలస్యంగా రాయండి. తీసేవి మాత్రం రిక్వెస్ట్‌లోనే ఫ్లష్ చేసి, పోస్ట్‌గ్రెస్ కమిట్ అయ్యాకే జవాబివ్వండి.